వరి పొలంలో మిత్రపురుగుల పనికి రూపాయల్లో విలువ కట్టడం ఎలా?

సాగు ఖర్చులు రాసుకునే పుస్తకంలో విత్తనానికి, దుక్కికి, నాట్లకు, ఎరువులకు, పురుగుమందులకు, కోతకు ఒక్కో పద్దు ఉంటుంది. వరి దుబ్బు రసం పీల్చే సుడిదోమను తిని దుబ్బును నిలబెట్టిన సాలీడుకు, దోమ గుడ్లను పీల్చేసిన మిరిడ్ నల్లికి మాత్రం ఏ పద్దూ ఉండదు. వాటికి మనం డబ్బు చెల్లించం కాబట్టి వాటి పనికి ధర లేదని అనుకుంటాం. అవి పోయినప్పుడు కలిగే నష్టం కూడా ఆ పేరుతో ఎక్కడా నమోదు కాదు, కొన్నాళ్ళ తరువాత పురుగుమందుల పద్దులో అదనపు ఖర్చుగా బయటపడుతుంది. పంటకు హాని చేసే పురుగులను తినే ఇలాంటి భక్షక పురుగులు, అంటే మిత్రపురుగులు, ఒక పంటకాలంలో మీకు ఎంత డబ్బు మిగిలిస్తున్నాయో మీరే లెక్క కట్టుకునే పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. ఉదాహరణకు వరిని, వరిలోనూ సుడిదోమను తీసుకున్నాను. కోస్తా జిల్లాల్లో దోమపోటు అని కూడా పిలిచే ఈ పురుగు విషయంలో మిత్రపురుగుల విలువ తెలిసినంత స్పష్టంగా మరే పురుగు విషయంలోనూ తెలియదని చెప్పవచ్చు.

అలా తెలియడానికి ఒక దేశం పెద్ద మూల్యమే చెల్లించింది. 1970ల నుంచి ఇండోనేషియా ప్రభుత్వం పురుగుమందుల ధరలో అధిక భాగాన్ని రాయితీగా భరించి రైతుల చేత విరివిగా చల్లించింది. మందు పెరిగిన కొద్దీ సుడిదోమ తగ్గవలసింది పోయి మరింత ఉధృతమైంది. 1985, 1986 సంవత్సరాల్లో జావా ద్వీపంలో వరి సుడులు సుడులుగా ఎండిపోయింది. మందు కొట్టిన పొలాల్లో సాలీళ్ళు, నల్లులు చనిపోవడం వల్లే దోమ విజృంభిస్తున్నదని ఫిలిప్పీన్స్‌లో పీటర్ కెన్‌మోర్ వంటి కీటక శాస్త్రవేత్తలు అప్పటికే పొలాల్లో చేసిన ప్రయోగాలతో నిరూపించి ఉన్నారు. 1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో వరిపై 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. 1989 నాటికి మందులపై రాయితీ పూర్తిగా ఎత్తివేయడంతో ఖజానాకు ఏటా 10 కోట్ల డాలర్లకు పైగా మిగిలింది, ధాన్యం దిగుబడి మాత్రం పడిపోలేదు. రైతులు పొలంలోనే కూర్చుని పురుగులను లెక్కపెట్టి నిర్ణయం తీసుకునే బడులు 1989లో ఆ దేశంలోనే మొదలయ్యాయి. మన దగ్గర వ్యవసాయ శాఖ నడిపే పొలంబడికి మూలం అదే.

మొదటి పని: ఎవరు తినేవారో, ఎవరు పంటను పీల్చేవారో గుర్తించడం

విలువ కట్టాలంటే ముందు మనిషిని ఎరగాలన్నట్టు, ఇక్కడ పురుగును ఎరగాలి. సుడిదోమ గోధుమ రంగులో, ఇంచుమించు గోధుమ గింజ మొలక భాగమంత ఉండి, దుబ్బు మొదట్లో నీటికి కాస్త పైన గుంపులుగా చేరి రసం పీలుస్తుంది. పైనుంచి చూస్తే కనబడదు, ఆకులను పక్కకు తీసి మొదలు చూడాలి. దాని చుట్టుపక్కలే దాన్ని తినేవి కూడా ఉంటాయి.

వాటిలో మొదటిది తోడేలు సాలీడు. ఇది గూడు అల్లదు, నీటి మీద కూడా పరుగెత్తుతూ వేటాడుతుంది. ఆడ సాలీడు గుడ్ల సంచిని పొట్ట చివర తగిలించుకుని తిరుగుతుంది, పిల్లలు పుట్టాక కొంతకాలం వాటిని వీపు మీద మోస్తుంది. ఇది రోజుకు 5 నుంచి 15 పురుగులను తినగలదని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు గమనించారు. శాస్త్రరీత్యా ఎనిమిది కాళ్ళ సాలీడు కీటకం కాకపోయినా పొలం లెక్కలో దానిని మిత్రపురుగుల జాబితాలోనే కలుపుకోవాలి.

రెండవది మిరిడ్ నల్లి. మూడు మిల్లీమీటర్లకు మించని ఆకుపచ్చ శరీరం, తల మీద, వీపు మీద నల్లటి మచ్చలు, చురుకైన పరుగు దీని గుర్తులు. గింజలను రంగు మార్చే కంకినల్లికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. చాలామంది దీన్ని పచ్చదోమగా పొరబడి, "పచ్చదోమ ఎక్కువైంది" అంటూ మందు కొడతారు. అంటే డబ్బు ఖర్చు పెట్టి తమ పనివాళ్ళనే చంపుకుంటున్నారన్నమాట. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. దుబ్బును కదిలిస్తే పచ్చదోమ చటుక్కున గెంతుతుంది, మిరిడ్ నల్లి కాండం వెంట పరుగెత్తుతుంది లేదా ఎగురుతుంది. ఈ నల్లి ఆకు తొడిమల లోపల దాగిన దోమ గుడ్లను తన సూదిలాంటి నోటితో వెతికి పీలుస్తుంది. రోజుకు ఏడు నుంచి పది గుడ్లను, లేదా ఒకటి నుంచి ఐదు దోమలను తినగలదు. ఏ మందూ సరిగా చేరలేని చోట ఉన్న గుడ్లను ఇది చేరుకోగలదు కాబట్టి, నా దృష్టిలో వరి పొలంలో అన్నింటికంటే విలువైన పురుగు ఇదే.

ఇవి కాక నీటి మీద గుంపుగా తిరుగుతూ కింద పడిన దోమపిల్లలను పట్టుకునే చిన్న నీటినల్లులు, నారింజ రంగు అక్షింతల పురుగులు, ఆకుల మధ్య తక్కువ ఎత్తులో ఎగిరే సూది తూనీగలు, కాండం తొలుచు పురుగు గుడ్ల ముద్దలను కొరికి తినే పొడవు మీసాల మిడతలు ఉంటాయి. కంటికి సరిగా ఆనని బదనికలు కూడా ఉంటాయి. ఇవి దోమ గుడ్లలోనూ, కాండం తొలుచు పురుగు గుడ్లలోనూ తమ గుడ్లు పెట్టి వాటిని నాశనం చేస్తాయి. మొదటి పంటకాలంలో సాలీడు, మిరిడ్ నల్లి, అక్షింతల పురుగు, తూనీగ అనే నాలుగింటిని తప్పు లేకుండా గుర్తించగలిగితే లెక్కకు అది చాలు.

గుర్తించిన పురుగు నిజంగా తింటుందా అన్న అనుమానం ఉంటే ఇంట్లోనే పరీక్షించవచ్చు. వెడల్పు మూతి గాజు సీసాలో అడుగున కొంచెం తడి పెట్టి, ఒక వరి పిలకను నిలబెట్టి, పది దోమలను వదలండి. అందులో ఒక తోడేలు సాలీడును వేసి, మూతికి పలుచని గుడ్డ కట్టి నీడలో ఉంచండి. సాలీడు లేకుండా పది దోమలు మాత్రమే ఉన్న మరో సీసాను పక్కనే పెట్టండి. మరునాడు అదే వేళకు రెండింటిలోనూ మిగిలిన దోమలను లెక్కపెట్టి, తేడాను పుస్తకంలో రాయండి. పొలంబడుల్లో పిల్లల చేత కూడా చేయించే పరీక్ష ఇది. ఒకసారి కళ్ళారా చూసిన వారు సాలీడును చూసే చూపే మారిపోతుంది.

రెండవ పని: ప్రతి వారం ఒకే పద్ధతిలో లెక్కించడం

నాట్లు వేసిన మూడో వారం నుంచి గింజ గట్టిపడే దాకా వారానికి ఒకసారి, ఎండ ముదరక ముందే మడిలోకి దిగండి. ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా నడుస్తూ, గట్టుకు దగ్గరగా ఉన్న దుబ్బులను వదిలేసి, 20 దుబ్బులు ఎంచుకోండి. దుబ్బును కొద్దిగా వంచి మొదట్లో చేత్తో రెండు మూడు సార్లు తట్టి, నీటిలో పడినవాటినీ, కాండానికి అంటుకున్నవాటినీ లెక్కించండి. పొలంలో నీరు లేకపోతే తెల్లటి పళ్ళెం పట్టి అందులోకి దులపవచ్చు. పరుగెత్తే సాలీళ్ళను ముందు లెక్కించి దోమలను తరువాత లెక్కించడం మంచిది, లేకపోతే సాలీళ్ళు తప్పించుకుని లెక్క తగ్గుతుంది.

పుస్తకంలో తేదీ, పంట దశ, 20 దుబ్బుల్లో మొత్తం దోమలు, మొత్తం సాలీళ్ళు, మిరిడ్ నల్లులు, ఇతర మిత్రపురుగులు, ఆ వారం చేసిన పనులు అనే గళ్ళు గీసుకోండి. యూరియా వేసిన తేదీని తప్పక రాయండి. నత్రజని మోతాదు మించిన పొలంలో దోమ వేగంగా పెరుగుతుంది కాబట్టి, అప్పుడు మిత్రపురుగులు ఓడిపోయినట్టు కనబడినా తప్పు వాటిది కాదు. వంగడం పేరూ రాయండి. విజేత, కాటన్ దొర సన్నాలు వంటివి దోమను కొంత తట్టుకుంటాయి, సాంబ మసూరి తట్టుకోదు. ఒకే సంఖ్యలో సాలీళ్ళు ఉన్నా ఈ రెండు రకాల పొలాల్లో ఫలితం ఒకటిగా ఉండదు.

మూడవ పని: అంకెలను నిర్ణయంగా మార్చడం

దోమ కనబడగానే కలిగే భయాన్ని అదుపులో పెట్టేది ఆర్థిక నష్ట పరిమితి. పంటకు జరగబోయే నష్టం మందు ఖర్చును మించే స్థాయి అది. సుడిదోమకు మన దగ్గర వాడుకలో ఉన్న పరిమితి పిలకల దశలో దుబ్బుకు 10 నుంచి 15, పూత దశ నుంచి 20 నుంచి 25. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు ఇంకా ఆసక్తికరమైనది. సాలీళ్ళు లేని పొలంలో పిలకకు ఒక దోమ ఉంటే చర్య తీసుకోమంటుంది, దుబ్బుకు ఒక సాలీడు ఉన్న పొలంలో పిలకకు రెండు దోమల దాకా ఆగమంటుంది. దుబ్బుకు ఒక్క సాలీడు ఉండటం వల్ల పొలం భరించగల దోమల సంఖ్య రెట్టింపు అవుతుందని ఒక విశ్వవిద్యాలయం తన సిఫారసులోనే అంగీకరించినట్టు. విలువ కట్టడానికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థ ప్రచారం చేసే పద్ధతిలో శత్రుపురుగులకూ మిత్రపురుగులకూ మధ్య నిష్పత్తిని చూస్తారు. సాధారణ నియమం 2:1. అంటే రెండు శత్రుపురుగులకు ఒక మిత్రపురుగు ఉంటే ఆగి గమనించవచ్చు.

పిలకల దశలో మీ 20 దుబ్బుల్లో 240 దోమలు, సాలీళ్ళు, మిరిడ్ నల్లులు కలిపి 130 కనబడ్డాయనుకుందాం. దుబ్బుకు 12 దోమలంటే పరిమితిలో అడుగుపెట్టినట్టే, కానీ నిష్పత్తి రెండుకు లోపలే ఉంది. ఈ స్థితిలో మందు కొట్టకుండా, పొలంలో నీరు తీసివేసి రెండు మూడు రోజులు ఆరబెట్టి, నాలుగో రోజున మళ్ళీ లెక్కపెట్టడం సరైన నిర్ణయం. అదే 240 దోమలకు మిత్రపురుగులు 30 మాత్రమే ఉంటే నిష్పత్తి 8:1 అవుతుంది. అప్పుడు ఆగడం సాహసమే తప్ప పొదుపు కాదు. అంకె ఏమి చెబితే అది చేయండి. మిత్రపురుగుల మీద అభిమానంతో పంటను పణంగా పెట్టమని ఎవరూ అడగడం లేదు.

నాలుగవ పని: మిత్రపురుగులు లేకపోతే ఏమయ్యేదో తెలుసుకోవడం

ఏ సేవకైనా విలువ కట్టాలంటే అది లేనప్పటి పరిస్థితితో పోల్చాలి. 2006లో అమెరికాలో జాన్ లోసీ, మేస్ వాన్ అనే శాస్త్రవేత్తలు ఈ మార్గంలోనే లెక్కవేసి, తమ దేశపు పంటల్లో స్థానిక శాకాహార పురుగులను అదుపులో ఉంచడం ద్వారా కీటకాలు ఏటా సుమారు 450 కోట్ల డాలర్ల మేలు చేస్తున్నాయని అంచనా కట్టారు. దేశం మొత్తానికి చేసిన లెక్కను ఒక మడికి చేయడానికి రెండు గుడ్డ పంజరాలు చాలు.

పొలంలో పక్కపక్కనే, ఒకే రకంగా పెరిగిన రెండు దుబ్బులను ఎంచుకోండి. రెండింటినీ బాగా దులిపి సాలీళ్ళు, నల్లులు, దోమలు అన్నింటినీ తీసివేయండి. ఒక్కో దుబ్బు చుట్టూ నాలుగు వెదురు బద్దలు పాతి, కన్నాలు కంటికి ఆనని సన్నని నెట్ గుడ్డను చుట్టి పైన ముడి వేయండి. మామూలు దోమతెర పనికిరాదు, అప్పుడే పుట్టిన దోమపిల్లలు దాని కన్నాల్లోంచి దూరిపోతాయి. ఒక పంజరానికి గుడ్డ అంచును బురదలో తొక్కి పూర్తిగా మూసేయండి. రెండవ దానికి అడుగున జానెడు ఖాళీ వదిలేయండి. నీడ, గాలి రెండింటికీ ఒకే తీరుగా ఉంటాయి, తేడా ఒక్కటే. రెండవ దానిలోకి వేటపురుగులు నడిచి రాగలవు, మొదటి దానిలోకి రాలేవు. రెండింటిలోనూ పొలం నుంచి పట్టిన రెక్కల దోమలను పదేసి వదలండి.

సుడిదోమ ఒక తరం పూర్తి కావడానికి మూడున్నర వారాలు పడుతుంది. 25 నుంచి 30 రోజుల తరువాత రెండింటిలోని దోమలను లెక్కించండి. ఒక జత పంజరాల ఫలితం మీద నమ్మకం పెట్టుకోవద్దు, వీలైతే పొలంలో వేర్వేరు చోట్ల మూడు నాలుగు జతలు పెట్టి సగటు తీయండి. మూసిన పంజరాల సగటు ఆర్థిక నష్ట పరిమితిని దాటి, తెరిచిన వాటి సగటు దానికి లోపల ఉంటే, ఆ నెలలో మీ పొలంలోని మిత్రపురుగులు కనీసం ఒక పిచికారీ ఖర్చును మీకు మిగిల్చాయని పుస్తకంలో రాసుకోవచ్చు. తెరిచిన పంజరంలోంచి కొన్ని దోమలు బయటికి పోయే అవకాశం ఉంది కాబట్టి, తేడా స్వల్పంగా ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఐదవ పని: ఒక పిచికారీ అసలు ఖరీదును తేల్చడం

మందు డబ్బా మీద రాసిన ధర పిచికారీ ఖరీదు కాదు. మందు, కొట్టే మనిషి కూలి, పంపు లేదా డ్రోన్ అద్దె, నీళ్ళు మోసే మనిషి కూలి, అప్పు తెచ్చి మందు కొన్నట్లయితే పంట చేతికి వచ్చేదాకా దానిపై వడ్డీ, ఇవన్నీ కలపాలి. ఎకరాకు అన్నీ కలిపి 1,200 రూపాయలు అయిందనుకుందాం. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ ధర ప్రకారం 1,200 రూపాయలంటే సుమారు 51 కిలోల ధాన్యం, అంటే 75 కిలోల బస్తాలో మూడింట రెండు వంతులు. ఆ పిచికారీ ఎకరాకు 51 కిలోలకు మించి ధాన్యాన్ని కాపాడితేనే మీకు లాభం. అంతకంటే తక్కువ కాపాడితే పురుగు చచ్చినా మీరు నష్టపోయినట్టే. మందు కొట్టబోయే ముందు ప్రతిసారీ ఈ చిన్న భాగహారం చేయండి: పిచికారీ మొత్తం ఖర్చును కిలో ధాన్యం ధరతో భాగించండి. వచ్చిన కిలోలు నిజంగా ప్రమాదంలో ఉన్నాయా అని మీ వారపు లెక్కలను అడగండి.

ఇంతవరకు కనబడే ఖర్చు. కనబడనిది మందు కొట్టిన రెండు వారాలకు మొదలవుతుంది. దోమ గుడ్లు ఆకు తొడిమ లోపల భద్రంగా ఉంటాయి కాబట్టి పైన పడిన మందు వాటిని చంపదు. వారం, తొమ్మిది రోజుల్లో అవి పొదిగి పిల్లలు బయటికి వస్తాయి. ఆ సమయానికి పొలంలో వాటిని తినవలసిన సాలీళ్ళు, నల్లులు ఉండవు. ఒక ఆడ దోమ రెండు మూడు వందల గుడ్లు పెట్టగలదు, తరం నెల లోపే తిరుగుతుంది. తోడేలు సాలీడు బ్రతుకు మూడు నాలుగు నెలలు, దాని సంతతి అంత త్వరగా పెరగదు. అందువల్ల మందు తరువాత ముందుగా కోలుకునేది ఎప్పుడూ శత్రువే. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు వరిలో సుడిదోమను తిరగబెట్టిస్తాయని, వాటిని వరిలో వాడవద్దని శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నారు. అయినా ఆకుముడతకు, కాండం తొలుచు పురుగుకు చౌకగా దొరుకుతాయని వాటిని కొడుతూనే ఉన్నాం. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం, ఎందుకంటే దాని మూల్యం మందు అమ్మినవారు కాకుండా పూర్తిగా కౌలు రైతు, చిన్న రైతు భరిస్తున్నారు.

కాబట్టి మీ పుస్తకంలో ప్రతి పిచికారీకి ఎదురుగా మరొక గడి గీయండి. మందు కొట్టిన మూడు నాలుగు వారాల లోపు అదే పురుగుకు మళ్ళీ మందు అవసరమైతే, ఆ రెండవ ఖర్చును కూడా మొదటి పిచికారీ ఖాతాలోనే వేయండి. 1,200 రూపాయలనుకున్న నిర్ణయం 2,400 అయిందని అప్పుడు తెలుస్తుంది. ఆ తేడాయే మీరు పోగొట్టుకున్న మిత్రపురుగుల ధర.

ఆరవ పని: పంట చివర రెండు మడుల లెక్క తేల్చడం

మీకు ఒకే నేల, ఒకే వంగడం, ఒకే నాటు తేదీ ఉన్న రెండు మడులు ఉంటే ఈ లెక్క బాగా కుదురుతుంది. ఒక దానిలో మీకు అలవాటైన తీరులో మందులు వాడండి. రెండవ దానిలో వారపు లెక్క చెప్పినప్పుడు మాత్రమే వాడండి. పంట చివర ఎకరాకు ఖర్చును, దిగుబడిని వేర్వేరుగా తూకం వేయించి రాయండి.

పద్ధతి తెలియడానికి ఊహించిన అంకెలతో ఒకసారి చేసి చూద్దాం, వీటి స్థానంలో మీ అంకెలు వేసుకోండి. అలవాటు మడిలో నాలుగు పిచికారీలు, లెక్కల మడిలో ఒకటి. మిగిలిన మూడు పిచికారీల ఖర్చు 3,600 రూపాయలు. లెక్కల మడికి అదనంగా గట్ల మీద విత్తనాలకు 150, పంజరాల గుడ్డకు 50, లెక్కపెట్టడానికి పట్టిన మీ సమయానికి పూట కూలి 300, మొత్తం 500 రూపాయలు. మీ శ్రమకు కూలి వేసుకోవడం మరచిపోవద్దు, సొంత శ్రమను సున్నాగా చూపిన లెక్క ఎవరినీ ఒప్పించదు. దిగుబడి రెండు మడుల్లో సమానంగా వస్తే మిత్రపురుగుల పని విలువ ఎకరాకు 3,100 రూపాయలు. లెక్కల మడిలో ఒక బస్తా తగ్గిందనుకోండి, మద్దతు ధర ప్రకారం 1,777 రూపాయలు తీసివేయాలి, అప్పుడు విలువ 1,323. రెండు బస్తాలు తగ్గితే ఆ ఏడు మీకు నష్టమే, దాన్ని కూడా అలాగే రాయండి. దోమ ఎక్కువైన ఏడు, తక్కువైన ఏడు విలువలు వేర్వేరుగా వస్తాయి కాబట్టి, ఒక పంటకాలంతో తీర్పు చెప్పకుండా మూడు నాలుగు పంటల సగటు తీసినప్పుడే అంకెకు బలం వస్తుంది.

పోల్చి చూడదగిన మరో అంకె ఉంది. అదే పనిని బయట కొనవలసి వస్తే ఎంత అవుతుందో చూడటం. ట్రైకోగ్రామా బదనికల కార్డులు జీవనియంత్రణ ప్రయోగశాలల్లో దొరుకుతాయి, ఒక సీసీ కార్డు మీద సుమారు 20,000 గుడ్లు ఉంటాయి. పంటకు వాటిని ఎన్నిసార్లు కట్టాలో, రవాణాతో కలిపి ఎంత అవుతుందో అడిగి తెలుసుకుంటే, మీ గట్ల మీద వాటంతట అవే పెరిగే బదనికల పనికి ఒక పోలిక దొరుకుతుంది. ఈ అంకెను పై 3,100కు కలపవద్దు, ఒకే పనిని రెండుసార్లు లెక్కించినట్టవుతుంది.

ఆ విలువను పెంచుకోవడానికి పెట్టుబడి పెట్టడం

గట్టు ఎంత శుభ్రంగా ఉంటే పంట అంత బాగుంటుందన్న నమ్మకంతో గట్ల మీది ప్రతి గడ్డిపోచనూ చెక్కేస్తాం, మిత్రపురుగులు పంట లేని రోజుల్లో తలదాచుకునేది అక్కడే. మిరిడ్ నల్లులకూ బదనికలకూ పువ్వుల తేనె ఆహారంగా దొరికితే ఎక్కువ రోజులు బతుకుతాయి. చైనా, థాయిలాండ్, వియత్నాం దేశాల్లో నాలుగేళ్ళు వరి గట్ల మీద నువ్వులు వంటి పూలమొక్కలు పెంచి చేసిన ప్రయోగాల ఫలితాలు 2016లో వెలువడ్డాయి. పురుగుమందుల పిచికారీలు 70 శాతం తగ్గాయి, దిగుబడి 5 శాతం పెరిగింది, రైతుకు ఆర్థికంగా 7.5 శాతం మేలు జరిగింది. మన గట్లకు నువ్వులు, బంతి, బొబ్బర్లు, కంది చక్కగా సరిపోతాయి. నాట్లకు రెండు మూడు వారాల ముందే విత్తితే దోమ వచ్చే సమయానికి వాటిలో చాలావరకు పూతలో ఉంటాయి. బొబ్బర్లు, కందుల నుంచి వచ్చే కాయలను కూడా పుస్తకంలో ఆదాయంగా రాయండి.

పశువుల ఎరువు, పచ్చిరొట్ట వేసిన పొలంలో నాట్లు వేసిన కొద్ది రోజులకే బురదలో కుళ్ళే పదార్థాన్ని తినే చిన్న ఈగల పిల్లపురుగులు విపరీతంగా పెరుగుతాయి. వాటితో పంటకు ఏ హానీ లేదు, పైగా దోమ ఇంకా రాని రోజుల్లో సాలీళ్ళు వాటిని తిని బలపడతాయి. జావాలో చేసిన పరిశోధన 1996లో ఈ సంబంధాన్ని స్పష్టంగా చూపింది. నాట్లు వేసిన తొలి నెలలో అవసరం లేకుండా మందు కొడితే మొదట తెగిపోయేది ఈ గొలుసే. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో 1994 నుంచి, విత్తిన తొలి 40 రోజులు ఆకుముడతకు మందు కొట్టవద్దని రేడియో నాటికల ద్వారా, కరపత్రాల ద్వారా ప్రచారం చేశారు. ఆ దశలో ఆకులు కొంత దెబ్బతిన్నా వరి కొత్త ఆకులతో కోలుకుంటుందని రైతులు తామే పరీక్షించి చూసుకుని పిచికారీలు తగ్గించుకున్నారు. ఉల్లికోడు, కాండం తొలుచు పురుగు తీవ్రంగా వచ్చే ప్రాంతాల్లో మాత్రం తొలి నెలలో కూడా ఆయా పురుగుల పరిమితిని చూసే నిర్ణయించాలి.

నాటేటప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాటను తూర్పు పడమరలుగా వదలండి. దుబ్బు మొదళ్ళకు గాలి, వెలుతురు తగిలి దోమకు అనుకూలించదు, మీరు లెక్కపెట్టడానికి దిగడమూ సులువవుతుంది. కోత తరువాత దుక్కి దున్నే ముందు గట్ల మీద అక్కడక్కడ గడ్డి కట్టలు పడవేస్తే సాలీళ్ళు వాటిలో చేరి తరువాతి పంట దాకా నిలుస్తాయి.

మందు తప్పనిసరి అయినప్పుడు

లెక్క పరిమితిని దాటి, నిష్పత్తి కూడా చేయి దాటిపోయినప్పుడు మందు కొట్టాలి. అప్పుడు కూడా మిత్రపురుగుల పెట్టుబడిని పూర్తిగా వదులుకోనవసరం లేదు. ముందు పొలంలో నీరు తీసివేయండి. దోమ ఎక్కువగా ఉన్న సుడులనూ వాటి చుట్టూ కొంత భాగాన్నీ మాత్రమే తడపండి, మిగిలిన పొలాన్ని వదిలేస్తే అక్కడి సాలీళ్ళు తిరిగి వస్తాయి. మందు ఆకుల మీద కాకుండా దుబ్బు మొదళ్ళకు తగిలేలా కొట్టించండి. డ్రోన్‌తో పైనుంచి కొట్టినప్పుడు మందు మొదళ్ళకు చేరిందో లేదో దిగి చూడండి, చేరకపోతే దోమ బతుకుతుంది, పైన తిరిగే మిత్రపురుగులు చస్తాయి. సుడిదోమకు సిఫారసు చేసిన వాటిలో పైమెట్రోజిన్, ట్రైఫ్లూమెజోపైరిమ్ వంటివి సాలీళ్ళకూ మిరిడ్ నల్లులకూ తక్కువ హాని చేస్తాయి. మోతాదు డబ్బా మీద ఉన్నంతే వాడండి, ఒకే మందును పంటంతా తిప్పి తిప్పి కొట్టవద్దు. ఒకేసారి పని అయిపోతుందని రెండు మూడు రకాలు కలిపి కొట్టే అలవాటును పూర్తిగా మానుకోండి.

కొట్టిన నాలుగో రోజునా, పదో రోజునా అదే 20 దుబ్బుల లెక్కను మళ్ళీ తీసి, దోమలతోపాటు మిగిలిన సాలీళ్ళు, నల్లుల సంఖ్యను రాయండి. ఏ మందు తరువాత మిత్రపురుగులు ఎన్ని మిగిలాయో ఒకటి రెండు పంటలు గడిచేసరికి మీ పుస్తకంలోనే తెలుస్తుంది. తరువాతి సారి దుకాణానికి వెళ్ళేటప్పుడు ఆ పేజీని వెంట తీసుకువెళ్ళండి. రైతు సేవా కేంద్రంలోనో, రైతు వేదికలోనో వ్యవసాయ సిబ్బందిని సలహా అడిగేటప్పుడు కూడా దాన్ని ముందు పెట్టి మాట్లాడండి. వంగడం, నాటు తేదీ, యూరియా వేసిన రోజు, వారం వారం దోమలూ సాలీళ్ళూ, పిచికారీలూ వాటి పూర్తి ఖర్చూ ఒకే చోట ఉన్న పుస్తకాన్ని చూసి చెప్పే సలహా, "దోమ పట్టింది, ఏం కొట్టమంటారు" అన్న ఒక్క మాట విని చెప్పే సలహా కంటే మీ పొలానికి ఎక్కువగా నప్పుతుంది.